హస్తవాసియు సత్యమును

వైద్యుని గూర్చి తెలుగువారు ఆడుకొను మాటలలో "హస్తవాసి" ఒకటి. ఫలానా డాక్టరు గొప్పగా చదివినాడు అనుటకంటె, ఆయన హస్తవాసి మంచిది అనుటయే పల్లెలలో పెద్ద ప్రశంస. మందు అదే అయినను ఒకరి చేతి మీదుగా పుచ్చుకొన్నప్పుడు గుణము కనబడుననియు, మరియొకరి చేతి మీదుగా పుచ్చుకొన్నప్పుడు కనబడదనియు ఆ మాటలోని భావము. ఈ నమ్మకములో నిజమెంత, భ్రమ ఎంత అని విచారించుటకు ముందే ఒక సంగతి ఒప్పుకొనవలసియున్నది. రోగి మందును మాత్రమే పుచ్చుకొనడు, దానిని ఇచ్చిన చేతిని కూడ పుచ్చుకొనును. కాబట్టి ఆ చేయి ఏమి చేయుచున్నది, ఏమి చెప్పుచున్నది అను ప్రశ్న వైద్యులకే గాక విశ్వాసులకును సంబంధించినది.

గుండెకు జరుగు చికిత్సలలో ఈ ప్రశ్న మిక్కిలి స్పష్టముగా కనబడును. 1929లో జర్మనీ దేశపు యువవైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్ తన మోచేతి నరములోనుండి సన్నని గొట్టమును తన గుండెలోనికే పంపుకొని, అది సాధ్యమని చూపినాడు. 1977 సెప్టెంబరు 16న జూరిక్ నగరములో ఆండ్రియాస్ గ్రూంట్జిగ్ అను వైద్యుడు గుండె రక్తనాళములోని ఇరుకును చిన్న బెలూనుతో విప్పినాడు. నేడు యాంజియోగ్రాం, యాంజియోప్లాస్టీ, స్టెంటు అను మాటలు తెలియని తెలుగు ఇల్లు అరుదు. అయితే వీటిలో ఒక విశేషము కలదు. రొమ్మును తెరచి చేయు శస్త్రచికిత్సలో రోగికి తెలివి ఉండదు. ఈ చికిత్సలలోనైతే, గజ్జ దగ్గరనో మణికట్టు దగ్గరనో చర్మమునకు మాత్రమే మత్తు ఇచ్చెదరు. రోగి సాధారణముగా మెలకువగానే ఉండును. చల్లని బల్ల మీద కదలక పండుకొని, ముఖములకు గుడ్డలు కట్టుకొన్నవారి మాటలు వినుచు, తన రొమ్ము మీద తిరుగుచున్న యంత్రమును చూచుచు ఉండును. బెలూను ఉబ్బినప్పుడు రొమ్ము బిగియవచ్చును. గజ్జ మార్గమున చేసినట్లయిన, గొట్టము తీసిన పిమ్మట ఆ చోట గట్టిగా అదిమి పట్టెదరు. అటుపిమ్మట కాలు ముడువక కొన్ని గంటలు వెల్లకిల పండుకొనవలెను. అప్పుడు నడుము నొప్పి తప్పదు.

నొప్పికంటె భయము ముందుగా వచ్చును. ఆ భయము మనస్సులోనే ఆగదు. భయపడినవాని గుండె వేగముగా కొట్టుకొనును, రక్తపోటు పెరుగును, గుండె కండరమునకు కావలసిన ప్రాణవాయువు ఎక్కువగును. మణికట్టు దగ్గర ధమని బిగుసుకొని గొట్టమునకు దారి ఇయ్యకపోవుటయు కలదు. అనగా, ఏ గుండెను బాగుచేయుటకు వచ్చినారో ఆ గుండె మీదనే భయము అదనపు బరువు మోపుచున్నది. మనస్సు నెమ్మదించుటకు మందులున్నవి. అయినను వాటికి పరిమితి కలదు. బంధువులు తలుపు బయటనే ఉండవలెను. లోపల రోగి ఒంటరివాడు.

ఆ ఒంటరితనమును చూచిన నర్సులు మందులు కాని ఉపాయములను వెదకినారు. సంగీతము వినిపించుట, నెమ్మదిగా ఊపిరి తీయుట నేర్పుట, పాదములను మృదువుగా మర్దన చేయుట, చేయి పట్టుకొని నిలుచుట మొదలైనవి అందులోనివే. వీటితో పాటు మరియొక వర్గము కూడ ఆసుపత్రులలో ప్రవేశించినది. 1970వ దశకపు ఆరంభములో న్యూయార్క్ విశ్వవిద్యాలయపు నర్సింగు ఆచార్యురాలు డోలోరెస్ క్రీగర్, డోరా కుంజ్ అను ఆమెతో కలిసి "థెరప్యూటిక్ టచ్" అను పద్ధతిని రూపొందించినది. 1989లో జానెట్ మెంట్‌జెన్ అను నర్సు "హీలింగ్ టచ్" అను పద్ధతికి శిక్షణక్రమము ఏర్పరచినది. జపాను దేశములో 1922లో పుట్టిన "రెయికీ" అప్పటికే పాశ్చాత్య దేశములకు చేరియున్నది. మనుష్యుని చుట్టు ఒక శక్తిక్షేత్రము కలదనియు, రోగమందు అది చెదరుననియు, నేర్చిన చేయి దానిని సరిచేయగలదనియు ఈ పద్ధతుల బోధ. ఈ భావమునకు భారతదేశముతో సంబంధము కలదు. క్రీగర్ "ప్రాణము" అను మన మాటనే వాడినది. డోరా కుంజ్ 1975 నుండి 1987 వరకు అమెరికాలోని థియోసాఫికల్ సమాజమునకు అధ్యక్షురాలు. ఆ సమాజపు ప్రధాన కేంద్రము 1882 నుండి మద్రాసు అడయారులోనే ఉన్నది. థెరప్యూటిక్ టచ్‌లో మరియొక విచిత్రము కలదు. పేరులో స్పర్శ ఉన్నదే గాని, ఆ పద్ధతిలో చేతులు సాధారణముగా దేహమునకు కొన్ని అంగుళముల ఎత్తున కదలునేగాని దేహమును తాకనవసరము లేదు.

ఇచ్చట విశ్వాసికి చిక్కు వచ్చును. గుండె చికిత్సకు ముందురోజు సాయంకాలము ఒక మంచి మనస్సు గల నర్సు పడక యొద్దకు వచ్చి, "మీ శక్తిని సమతూకము చేసెదను, భయము పోవును" అనినయెడల రోగి ఏమనవలెను? ఆ నర్సే క్రైస్తవురాలై, ఆ శక్తి మాట నమ్మనిదై, అయినను రోగులు నెమ్మదించుట కన్నులార చూచినదైనయెడల, ఆమె ఆ చేతిపని చేయవచ్చునా?

మొదట నిజమును పరీక్షింపవలెను. 1998లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో ఒక చిన్న పరిశోధన వెలువడినది. దానిని జరిపినది ఎమిలీ రోసా అను బాలిక. ప్రయోగము చేయునాటికి ఆమె వయస్సు 9 ఏండ్లు. థెరప్యూటిక్ టచ్ నేర్చినవారు 21 మంది, ఒక తెర వెనుకనుండి రెండు అరచేతులను చాపినారు. ఆ బాలిక నాణెము ఎగురవేసి, పడినదానిని బట్టి వారి కుడిచేతి మీదనో ఎడమచేతి మీదనో తన చేతిని తాకకుండ ఉంచినది. ఏ చేతి దగ్గర ఆమె శక్తి తెలియుచున్నదో వారు చెప్పవలెను. 280 మార్లలో 123 మార్లు మాత్రమే సరిగా చెప్పినారు, అనగా నూటికి 44. కన్నులు మూసికొని ఊహించినవాడును నూటికి 50 చెప్పగలడు. తమ చేతికి తెలియునని వారు మనస్ఫూర్తిగా నమ్మినది వారి చేతికి తెలియలేదు. అయితే ఈ పరీక్ష తేల్చినది అంతమాత్రమే. అట్టివారు ప్రక్కన కూర్చున్నప్పుడు రోగికి ఆదరణ కలుగునా లేదా అని ఆ బాలిక అడుగలేదు.

ఆ రెండవ ప్రశ్నను గుండె రోగుల నడుమనే అడిగిన పరిశోధన ఒకటి 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చినది. డ్యూక్ విశ్వవిద్యాలయపు హృద్రోగ వైద్యుడు మిచెల్ క్రూకాఫ్, ఆయన సహచరులు అమెరికాలోని 9 వైద్యకేంద్రములలో 748 మంది రోగులను తీసికొన్నారు. కొందరికి పడక ప్రక్కన సంగీతము, మనోహరమైన స్థలమును తలపోయుట, హీలింగ్ టచ్ పద్ధతిలో స్పర్శ, ఈ మూడును కలిపి ఇచ్చినారు. కొందరి కొరకు వేర్వేరు మతములకు చెందిన సమాజములు దూరమునుండి ప్రార్థించినవి. కొందరికి రెండును, కొందరికి ఏదియు లేదు. ముఖ్యముగా కొలువదలచిన ఫలితములో, అనగా చికిత్సానంతర ప్రమాదములు, మరల ఆసుపత్రిలో చేరుట, మరణము అనువాటి మొత్తములో, దేనివలనను గణనీయమైన భేదము కనబడలేదు. అయితే పడక ప్రక్కన ఆ సేవ పొందినవారిలో చికిత్సకు ముందు కలత తగ్గినది. ఆరు నెలలలో మరణములు కూడ వారిలో తక్కువగా కనబడినవి గాని, ముఖ్య ఫలితము తేలని చోట ఉపఫలితము మీద ఇల్లు కట్టరాదు. పైగా మూడు ఉపాయములు కలిసియున్నందున, నెమ్మదినిచ్చినది పాటయో, ఊహయో, చేయియో, లేక ప్రక్కన ఒక మనిషి కూర్చుండుటయో విడదీసి చెప్పుటకు వీలులేదు.

ఇందులో ప్రార్థనను గూర్చిన భాగము విశ్వాసిని కలవరపెట్టనక్కరలేదు. ప్రార్థన మోతాదు చొప్పున కొలువదగిన మందు కాదు. దేవుడు పరిశోధకుని పట్టికకు బద్ధుడు కాడు. అయితే ఆ పరిశోధనలో ఒక పాఠము కలదు. యాకోబు పత్రిక అయిదవ అధ్యాయము రోగి కొరకు ప్రార్థింపుమని చెప్పునప్పుడు దూరమునుండి పేర్లు చదువుమని చెప్పలేదు. సంఘపెద్దలు రోగి యొద్దకు రావలెననియు, నూనె రాయవలెననియు చెప్పినది. నూనె రాయు చేయి రోగిని తాకక తప్పదు. ఆ అపొస్తలుని దృష్టిలో ప్రార్థన చేయు నోటిని, ముట్టు చేతిని వేరుచేయుట లేదు.

చేతికి ఆదరించు గుణము కలదనుటకు వేరే సాక్ష్యములును ఉన్నవి. ముంజేయి వంటి చోట్ల చర్మములో కొన్ని సన్నని నాడీతంతువులు ఉన్నవి. గుచ్చినను ఒత్తినను కాక, సెకనుకు ఒకటి నుండి పది సెంటీమీటర్ల వరకు గల నెమ్మది వేగముతో మృదువుగా నిమిరినప్పుడే అవి బాగుగా పలుకును. తల్లి బిడ్డను నిమురు వేగము అదియే. 2006లో వెలువడిన ఒక పరిశోధనలో జేమ్స్ కోన్, ఆయన సహచరులు 16 మంది వివాహిత స్త్రీలను పరీక్షించినారు. స్వల్పమైన విద్యుద్ఘాతము రాబోవుచున్నదని వారికి తెలుపుచు, మెదడులో కలుగు మార్పులను యంత్రముతో చూచినారు. ఎవరి చేయియు పట్టుకొననప్పుడు భయచిహ్నములు ఎక్కువ. అపరిచితుని చేయి పట్టుకొన్నప్పుడు కొంత తక్కువ. భర్త చేయి పట్టుకొన్నప్పుడు మరింత తక్కువ. దాంపత్యము ఎంత బాగున్నదో ఆ నెమ్మదియు అంత ఎక్కువ.

ఈ చివరి సంగతిలోనే మూలప్రశ్నకు సమాధానము దొరకును. చేతులన్నియు చర్మము, ఎముకయే. అయినను ఒక చేయి చేసిన పని మరియొకటి చేయలేదు. ఆదరణ చేతిలోనుండి కారు ద్రవము కాదు. ఇద్దరి మధ్యనున్న నమ్మకము ఆ చేతి ద్వారా రోగికి తెలియవచ్చుచున్నది. హస్తవాసి అను మాటలోని నిజమును ఇంతవరకు ఒప్పుకొనవచ్చును.

అయితే ఒక బలమైన ఆక్షేపణ కలదు. బల్ల మీద వణకుచున్నవానికి తత్త్వవిచారణ ఎందుకు? శక్తి అనినను, ప్రాణము అనినను, వాని గుండె దడ తగ్గినయెడల చాలదా? అబద్ధమే అయినను అది ఎవరికి హాని? కనికరము సత్యముకంటె ముందు రావలదా? ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయువాడు ఆ బల్ల మీద ఎన్నడును పండుకొనలేదనవలెను.

దీనికి సమాధానము మూడు విధములు. మొదటిది, చేయి ఆదరించుటకు ఆధారము నమ్మకమే అయినప్పుడు, తాను నమ్మనిదానిని నమ్మినట్లు నటించు చేయి ఆ ఆధారమునే త్రవ్వివేయుచున్నది. రోగి ఆ దినమున ఎరుగకపోవచ్చును. ఎరిగిన దినమున, ఆ నర్సు ఇచ్చు మందుబిళ్ళను కూడ అనుమానముతోనే చూచును. రెండవది, తోడుగా ఉండవలసినది ప్రత్యామ్నాయముగా మారు ప్రమాదము కలదు. శక్తిని సరిచేయగల చేయి ఉన్నప్పుడు స్టెంటు ఎందుకు, బైపాసు ఎందుకు అని తలంచువాడు ప్రాణము పోగొట్టుకొనగలడు. మూడవది, అపొస్తలుడైన పౌలు ప్రేమను వర్ణించుచు అది సత్యమునందు ఆనందించునని కొరింథీయులకు తెలిపినాడు. ప్రేమకు సత్యము అడ్డము కాదు, ఆనందము. నర్సు చేయి పట్టుకొని, "నేను ఇచ్చటనే ఉన్నాను, అయిపోవువరకు వెళ్ళను" అనినయెడల అందులో అబద్ధము లేదు, ఆదరణలో లోపమును లేదు. అబద్ధము లేకుండనే దొరకుదానికి అబద్ధమును వెలగా చెల్లించుట ఎందుకు?

ఇచ్చట సువార్తలు చదువువానికి ఒక సందేహము రావచ్చును. రక్తస్రావము గల స్త్రీ వస్త్రమును ముట్టినప్పుడు తనలోనుండి ప్రభావము బయలువెళ్ళినట్లు ప్రభువు తెలిసికొన్నాడని మార్కు అయిదవ అధ్యాయము చెప్పుచున్నది గదా, అది శక్తి ప్రవాహము కాదా? అయితే ఆ కథను చివరివరకు చదువవలెను. ఆ గుంపులో ఆయన మీద పడుచున్నవారు అనేకులు, వారిలో స్వస్థత పొందినది ఒకతెయే. స్పర్శయే మార్గమైనయెడల ఊరంతయు బాగుపడియుండవలెను. ఆమె రహస్యముగా వెళ్ళిపోవుటకును ప్రభువు ఒప్పుకొనలేదు. ఆమె ముఖము చూచి, కుమారీ అని పిలిచి, స్వస్థతను ఆమె విశ్వాసముతో ముడివేసినాడు. ప్రభావమును దొంగిలినదాననుకొన్న ఆమెకు ఒక బంధుత్వము దొరకినది. అపొస్తలుల కార్యముల ఎనిమిదవ అధ్యాయములోని సీమోను దీనికి మారుపక్షము. చేతులుంచుటవలన వచ్చునదానిని అతడు ద్రవ్యమిచ్చి కొనగోరినాడు. పేతురు కఠినముగా గద్దించినాడు. చేతిని వర్తకపు సరుకుగా చూచువారికి ఆ అధ్యాయము ఎల్లప్పుడును హెచ్చరికయే.

మత్తయి సువార్త ఎనిమిదవ అధ్యాయములో రెండు స్వస్థతలు ప్రక్కప్రక్కనే ఉన్నవి. శతాధిపతి దాసుని ప్రభువు చూడనే లేదు. ఒక మాటతో, దూరమునుండి బాగుచేసినాడు. దానికి ముందు కుష్ఠరోగిని మాత్రము చేయి చాపి ముట్టినాడు. మాట చాలునని రెండవ కథ రుజువు చేయుచున్నది. అట్లయిన మొదటి కథలో చేయి ఎందుకు? రోగము పోవుటకు ఆ చేయి అక్కరలేదు. ఆ మనుష్యునికే అది అక్కర. ధర్మశాస్త్రము చొప్పున పాళెము వెలుపల నివసించుచు, అపవిత్రుడనని తానే కేక వేయవలసినవాడు అతడు. ప్రభువు అతనిని శుద్ధుడైన తరువాత ముట్టలేదు. అపవిత్రుడుగా ఉన్నప్పుడే ముట్టినాడు. అక్కడ వాడబడిన గ్రీకు క్రియ "హాప్టొమాయి". వ్రేలి కొనతో తాకుటకంటె పట్టుకొనుట, అంటియుండుట అను భావము దానిలో ఎక్కువ.

తెలుగు అనువాదకునికి ఇచ్చట తన భాషయే వ్యాఖ్యానమగును. తెలుగు బైబిలు కుష్ఠరోగి కథలోను, ఆ స్త్రీ కథలోను "ముట్టు" అను మాటనే వాడినది. ఆ మాటయే మన ఇండ్లలో స్త్రీల నెలసరి మైలకు పేరు. "అంటు" అనగా తాకుట. అంటువ్యాధి, అంటరానితనము అనునవి దానిలోనుండి పుట్టినవే. తాకుట అనిన మైలపడుట అని మన భాషకు మన సంఘమే నేర్పినది. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన భారత రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును నిషేధించినది గాని, చట్టము చేతిని ఆపగలదే తప్ప చేతిని చాపింపలేదు. అదే మాటలోనుండి "అంటుకట్టుట" కూడ పుట్టినది. పరాయి కొమ్మను మంచి చెట్టుకు కలిపి బ్రదికించుట అది. రోమీయులకు వ్రాసిన పత్రికలో అడవి ఒలీవ కొమ్మను గూర్చి పౌలు చెప్పినది దానినే. ప్రభువు చేయి తాకినప్పుడు అంటు మైల కాలేదు, అంటుకట్టుట అయినది.

వెల్లూరులో ఈ సంగతి కన్నులకు కనబడినది. 1946లో అచ్చటి క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చి, కుష్ఠరోగుల వంకర వ్రేళ్ళను శస్త్రచికిత్సతో సరిచేసిన పాల్ బ్రాండ్ ఒక యువకుని విషయము వ్రాసియున్నాడు. చికిత్స వివరము చెప్పుచు ఆయన ఆ యువకుని భుజము మీద చేయి వేసినాడు. అతడు ఉన్నట్లుండి ఏడ్వసాగినాడు. తాను ఏదైన తప్పు పలికితినేమో అని వైద్యుడు అడుగగా, అక్కడికి వచ్చువరకు ఎన్నో ఏండ్లుగా ఎవరును అతనిని తాకలేదని దుబాసి చెప్పినది. ఆ చేతిలో రోగమును తీయు శక్తి ఏదియు లేదు. రోగమునకు మందులు వేరే ఉన్నవి. అయినను ఆ దినమున అతనికి ఆ చేయి ఏమి ఇచ్చినదో ఏ మందును ఇయ్యలేదు.

కావున తీర్పు రెండు వైపులను కోయవలెను. శక్తిక్షేత్రమను బోధను విశ్వాసి అంగీకరింపనక్కరలేదు. దానిని మర్యాదగా కాదని, "నా చేయి పట్టుకొనుడు, అది చాలును" అని నర్సుతో చెప్పవచ్చును. క్రైస్తవ నర్సు తాను నమ్మని మాట పలుకక, అనుమతి అడిగి, తన చేతిని మాత్రము ఇయ్యవచ్చును. అనుమతి అడుగుట చిన్న సంగతి కాదు. బల్ల మీద కదలలేక ఉన్నవాని దేహము, ముఖ్యముగా పరాయివారి నడుమనున్న స్త్రీ దేహము, ఎవరి ఇష్టము వచ్చినట్లు తాకుటకు కాదు. గ్రుడ్డివాడైన బర్తిమయిని సహితము, నీకేమి కావలెనని ప్రభువు ముందుగా అడిగినాడు.

రెండవ వైపు సంఘమును కోయును. తప్పు బోధను పసిగట్టుట తెలిసిన సంఘము, పడక ప్రక్కకు వెళ్ళుట మరచినయెడల దాని జ్ఞానము ఎవరికి మేలు? యెరికో త్రోవలో యాజకుడును లేవీయుడును బోధ విషయములో తప్పినవారు కారు. ముట్టకుండ ప్రక్కగా పోయినవారు. నూనె పోసి కట్లు కట్టినవాడు, వారి లెక్కలో బోధ చెడినవాడైన సమరయుడు. ఆసుపత్రిలో ఒకని భయమును చూచి ఆగినది సంఘపెద్ద కాక శక్తి మాట చెప్పు మరియొకరైనయెడల, ఆ మాటను విమర్శించుటకు ముందు తాము ఆ దినమున ఎక్కడనున్నారో పెద్దలు తమ్మును తామే అడుగుకొనవలెను.

చికిత్స దినమున తలుపు దగ్గరవరకే బంధువులు రాగలరు. బల్లను లోపలికి త్రోయకముందు కొన్ని నిమిషములు ఉండును. ఆ నిమిషములలో పెద్ద ప్రార్థన అక్కరలేదు, వైద్యసలహా అక్కరలేదు. చల్లబడిన ఒక చేతిని రెండు చేతులతో పట్టుకొని, తలుపు మూయబడువరకు విడువకుండుట చాలును. లోపల చేయి అందించు నర్సు ఎవరైనను ఆమె కొరకు దేవునికి స్తోత్రము చెల్లించుచు, తలుపు మరల తెరువబడువరకు అచ్చటనే కనిపెట్టియుండుట సంఘపు పని.